మంచె దిగమన్న గొంతు

అబిడ్స్‌లో తుపాకులు బాగుచేసే దుకాణంలో రాజమల్లు పని తూటాలు నింపడం, గొట్టాలకు నూనె పట్టించడం. కానీ షికారుకు పోయే పెద్దమనుషులు దుకాణానికి వచ్చి ముందుగా అడిగేది రాజమల్లు సంగతే. శనివారం ఖాళీయేనా అని.

ఎందుకంటే పులికి లెక్క రాదట. మంచె దగ్గరికి ఇద్దరు మాట్లాడుకుంటూ పోవాలి. ఒకడు చప్పుడు చేయకుండా ఎక్కి కూర్చోవాలి. రెండోవాడు ఇద్దరి గొంతులతోనూ తానే మాట్లాడుకుంటూ తిరిగి వెళ్ళిపోవాలి. పొదలో పడుకుని వింటున్న పులి, వచ్చినవాళ్ళిద్దరూ పోయారనుకుని, తాను చంపి దాచుకున్న పశువు దగ్గరికి నిశ్చింతగా వస్తుంది. ఆ వెళ్ళిపోయే పనిలో రాజమల్లును మించినవాడు లేడు. ఏ మనిషి గొంతైనా ఒక పూట వింటే చాలు, అచ్చంగా దించేసేవాడు. మొజంజాహీ మార్కెట్‌లో ఐస్‌క్రీం తింటూ, దుకాణం యజమాని గొంతుతో తనను తానే తిట్టుకుంటుంటే చుట్టూ మూగినవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వేవారు.

పోలీసు చర్య జరిగి అప్పటికి మూడేళ్ళు. అంతకుముందు అడవి జాగీర్దార్లది, ఇప్పుడు జీపు దొరికిన ప్రతివాడిదీ. గుడ్లు ఉడకబెట్టుకుని, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని, చుట్టాలింటికి పోయినంత ధీమాగా పులి ఇంటికి పోయేవారు. ఆ వేసవిలో రూఫస్ కూడా వాళ్ళలో చేరాడు. ఆయన నాంపల్లి రైల్వే ఆఫీసులో గుమాస్తా. అంతవరకు పావురాన్నైనా కొట్టి ఎరగడు. బయల్దేరేటప్పుడు ఆయన భార్య డోరా టిఫిన్ డబ్బా తెచ్చి రాజమల్లు చేతికే ఇచ్చింది.

"ఈయనకు చెట్టెక్కుడు గూడ రాదు. జర చూసుకో రాజమల్లూ" అంది.

"నేనున్న గద అమ్మా, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు రాజమల్లు.

మన్ననూరు దాటాక అడవి మొదలైంది. రాజమల్లు పుట్టింది ఆ వైపే. పులి చంపిన ఎద్దు బిచ్చయ్య అనే ముసలి రైతుది. మంచె కట్టడం అయ్యాక బిచ్చయ్య రాజమల్లును పక్కకు లాగాడు.

"ఇది మొన్న కట్టెలకు వచ్చినోన్ని తిన్నది. మనిషిని తిన్న పులి ముంగట గొంతులు మార్చొద్దు. సచ్చినోడు దాని నెత్తిమీద కూసుంటడు. విన్నదంత నేర్చుకుంటడు. పట్నం పోయి మరిచినవా ఏంది? సప్పుడు చెయ్యకుండ పో."

రాజమల్లు మరిచిపోలేదు. కానీ రూఫస్ అతని విద్య చూడాలని వారం రోజులుగా ముచ్చటపడుతున్నాడు. పట్నంలో అందరూ మెచ్చుకునే మనిషి, ఇక్కడ ముసలాడి మాటకు భయపడ్డాడని అనిపించుకోవడం రాజమల్లుకు చిన్నతనమనిపించింది. పొద్దు గుంకుతుండగా రూఫస్‌ను నిచ్చెన మీదుగా మంచె ఎక్కించి వెనక్కి తిరిగాడు.

"పోదాం పా సారూ, ఇయ్యాల రాదు అది" అన్నాడు తన గొంతుతో.

"ఔ రాజమల్లూ, చీకటైతున్నది" అన్నాడు రూఫస్ గొంతుతో. మంచె మీద ఆయన కిసుక్కున నవ్వడం వినిపించింది.

ఎండిన వాగు దాకా అలాగే మాట్లాడుతూ వచ్చాడు. వాగు దగ్గర ఆపేశాడు. జీపు ఇంకా దూరంలో ఉంది. కీచురాళ్ళు ఒక్కసారిగా ఊరుకున్నాయి. గాలిలో కుళ్ళిన మాంసం వాసన తేలి వచ్చింది.

అప్పుడు వెనక నుంచి... మంచె ఉన్న దిక్కు నుంచి... తన గొంతే.

"పోదాం పా సారూ. ఇయ్యాల రాదు అది. దిగుండ్రి."

ఆ గొంతులో తొందర లేదు. చాలా ఆప్యాయంగా ఉంది.

నిచ్చెన కిర్రుమంది. రూఫస్ దిగుతున్నాడు. దిగకుండ్రి అని ఒక్క కేక వేస్తే చాలు. కానీ కేక వేస్తే తానెక్కడున్నాడో దానికి తెలిసిపోతుంది. రాజమల్లు రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

మొదటి కేకకు చెట్ల మీది పక్షులన్నీ లేచిపోయాయి. తర్వాత బట్ట చిరిగిన చప్పుడు... ఎముక విరిగిన చప్పుడు... మళ్ళీ కేక. మూడో కేక సగంలోనే తెగిపోయింది.

బిచ్చయ్య, జీపు డ్రైవరు దివిటీలతో పరుగెత్తుకొచ్చేసరికి అది లేదు. తుపాకి పేలకుండా మంచె మీదే వేలాడుతోంది. రూఫస్ కుడి చెయ్యి భుజం దగ్గరికి తెగిపోయింది. ఎడమ చేత్తో పొట్ట అదుముకుని పడి ఉన్నాడు. వేళ్ళ సందుల్లోంచి పేగులు జారుతున్నాయి. ఆ మనిషి పట్నం చేరేదాకా ఎలా బతికాడో ఎవరికీ అర్థం కాలేదు.

తెల్లవారుజామున పెద్ద దవాఖానలో డోరా ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వింది. ఆయన పోయాక తలెత్తి రాజమల్లును చూసింది.

"నువ్వు పిలిస్తె దిగిండట. ఎందుకు పిలిచినవ్?"

రాజమల్లు తల అడ్డంగా ఊపాడు. ఆ రోజు నుంచి అతను మాట్లాడటమే మానేశాడు. నోరు తెరిస్తే, వాగు దగ్గర నోరు మూసుకున్న సంగతి బయటపడుతుందని భయం. అంతకు మించి సిగ్గు.

నాంపల్లి స్టేషన్ వెనక, గోనెసంచుల గోదాము పక్కన, వరసలో చివరి గది రాజమల్లుది. భార్య వీరమ్మ కోఠిలో ఒక హాస్టల్లో వంట చేసి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరేది. మొగుడు మూగవాడై కూర్చుంటే ఇద్దరి మాటలూ తానే మాట్లాడేది. అన్నం కలిపి ముద్దలు పెట్టేది.

"ఒక్క మాటన్న మాట్లాడయ్యా. నా పేరన్న పిలువు" అని బతిమాలేది. రాజమల్లుకు లోకంలో ఆమె తప్ప ఎవరూ లేరు.

పన్నెండో రోజు పొద్దున వీరమ్మ ముఖం కళకళలాడుతోంది.

"నిన్న నేనొస్తుంటే గోదాము కాడ పిలిచినవ్ గద. వీరమ్మా అన్నవ్. తిరిగి చూస్తె లేవు. నా కాడ గూడ సిగ్గేంది?"

రాజమల్లు నిన్న గడప దాటలేదు. ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, గోదాము వైపు చూపించి, పోవద్దని తల ఊపాడు. ఆమె నవ్వి, చెయ్యి విడిపించుకుని పనికి పోయింది. సాయంత్రం కోఠికి తానే వెళ్ళి వెంట తెచ్చుకోవాలనుకున్నాడు.

చీకటి పడేవేళ వాన మొదలైంది. గోనెసంచి నెత్తిన కప్పుకుని తలుపు తీయబోయాడు. తడిసిన గోనెల వాసనలోంచి ఇంకో వాసన పైకి వచ్చింది. కుళ్ళిన మాంసం. తలుపు చెక్కలు లోపలికి వంగాయి, బయటి నుంచి ఏదో ఒళ్ళు ఆనించినట్టు.

"వీరమ్మా, నేనే. తలుపు తియ్యి."

తన గొంతు. రాజమల్లు ఊపిరి బిగపట్టాడు. చాలాసేపటికి చెక్కలు నిటారయ్యాయి. బురదలో రూఫస్ నడిచినట్టే బూటు అడుగులు కదిలాయి.

"పోదాం పా సారూ. ఇయ్యాల రాదు అది."

"ఔ రాజమల్లూ, చీకటైతున్నది."

తన గొంతూ రూఫస్ గొంతూ మాట్లాడుకుంటూ దూరమయ్యాయి. రాజమల్లు హమ్మయ్య అనుకుని గొళ్ళెం వైపు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇలా వెళ్ళిపోవడం తన విద్యే. రెండు గొంతులు వెళ్ళిపోయాయంటే, ఒకటి ఇక్కడే పొంచి కూర్చునే ఉంది.

వాన తగ్గింది. సందు మొదట్లో గాజుల చప్పుడు. వీరమ్మ.

"వీరమ్మా, ఇటు రా. నేనే." గోదాము చీకట్లోంచి, ఆప్యాయంగా.

ఆమె అడుగులు ఆగాయి. "మాట్లాడినవా అయ్యా" అంది. ఆ మాటలో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి.

ఈసారి రాజమల్లు ఊరుకోలేదు. ఏమైతే అది కానీ అనుకున్నాడు. తలుపుకు ముఖం ఆనించి, పన్నెండు రోజుల తర్వాత నోరు తెరిచి, గుండెల్లో ఉన్న బలమంతా పెట్టి అరిచాడు.

"పోకు వీరమ్మా. ఉరుకు."

అది రూఫస్ గొంతు.

మళ్ళీ అరిచాడు. మళ్ళీ అదే. తన గొంతు కోసం లోపలంతా వెతుక్కున్నాడు. యజమాని గొంతు వచ్చింది. బిచ్చయ్య గొంతు వచ్చింది. తనది లేదు...

"ఎవడ్రా నువ్వు, మా ఇంట్ల?" వీరమ్మ అరిచింది. "అయ్యా, ఇంట్ల ఎవడో దొంగ ఉన్నడు..." అంటూ మొగుడి గొంతు వినిపించిన వైపు పరుగెత్తింది.

ఒక్క కేక. గాజులన్నీ ఒకేసారి పగిలిన చప్పుడు. గోదాము రేకుల గోడకు మనిషి గుద్దుకున్న చప్పుడు... రెండోసారి... మూడోసారి. ఏదో నీళ్ళలో బరబరా ఈడ్చుకుపోయింది. రాజమల్లు గొళ్ళెం మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. నేల మీద కూలబడి, దొరికిన ప్రతి గొంతుతోనూ ఏడ్చాడు.

తర్వాత అంతా సద్దుమణిగింది. తలుపు కింది సందులోంచి వాననీళ్ళు ఎర్రగా లోపలికి వచ్చి అతని కాళ్ళు తడిపాయి. గోరువెచ్చగా ఉన్నాయి.

తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు. పగిలిన గాజులు గలగలమన్నాయి.

"తియ్యయ్యా" అంది వీరమ్మ గొంతు. "నువ్వే అని ఎరుకైంది. తడిసిపోయిన... జర తియ్యి."

రాజమల్లు లేచి గొళ్ళెం తీశాడు.