అక్క చూడని ఆట

రెండువేల తొమ్మిది వేసవి. రాజోలులో పొద్దున్నే అచ్చాయమ్మ పెరట్లో కూర్చుని, చేతులకి నూనె రాసుకుని పనసపొట్టు కొడుతోంది. అరుగు మీద కొడుకు కళ్యాణ్ లాప్‌టాప్‌కి తగిలించిన నల్లటి వీడియో కళ్ళజోడు సర్దుతున్నాడు. అందులో కంటికొకటి చొప్పున బుల్లి తెరలుంటాయి. చిన్నప్పుడు నాన్న కువైట్ నుంచి తెచ్చిన ఆటడబ్బా, అదే, మొహం లోపలికి దూర్చేసి ఆడేది, ఎప్పుడో పాడైపోయింది. ఆ ఆటనే మళ్ళీ అచ్చం అలాగే, లోతు తెలిసేలా ఈ కళ్ళజోడులో ఆడించాలని హైదరాబాదులో సెలవలన్నీ దీనికే తగలేసేడు మహానుభావుడు.

కూతుర్ని తీసుకుని పుట్టింటికొచ్చిన అక్క ప్రసన్నకి అది చూస్తుంటేనే ఒళ్ళు మండుతోంది. ఎందుకు మండదూ? ఆ డబ్బా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమెకి ఒక్కసారంటే ఒక్కసారి అందులోకి చూసే యోగం పట్టలేదు. "కళ్ళు పోతాయే! ఆడపిల్లకి కళ్ళజోడొస్తే ఎవడు చేసుకుంటాడు?" అనేది తల్లి. మగపిల్లాడి కళ్ళు మాత్రం పోయినా ఫరవాలేదు కాబోలు! పైగా అది ఆడేవాడికి తప్ప పక్కవాళ్ళకి ఏమీ కనపడని ఆట. తమ్ముడి వీపు చూస్తూ నిలబడడమే ఆమె వంతు.

"మామయ్యా, నాకూ!" ప్రసన్న కూతురు భవాని చెయ్యి చాపింది.

అచ్చాయమ్మ కత్తి ఆపింది. "వద్దు బంగారూ. కళ్ళు పాడైపోతాయి. ఆడపిల్లవి కదూ?"

అంతే. ప్రసన్న చేతిలోని బట్టల బకెట్టు దభీమని కింద పడింది.

"మళ్ళీ మొదలెట్టేవా అమ్మా? నన్ను ఏడిపించింది చాల్లేదా, దీన్ని కూడానా?"

"ఇప్పుడేమైందని అంత గొంతు? నీ మంచికే చెప్పేను. మంచి సంబంధం రాలేదూ?"

"వచ్చింది! మా ఆయనకి సోడాబుడ్డి కళ్ళద్దాలు. ఆయన కళ్ళ సంగతి ఎవరైనా అడిగేరా?"

కళ్యాణ్ లేచేడు. "అక్కా, ఇది నీకోసమే చేసేను. ముందు నువ్వే ఆడతావని..."

"నోర్ముయ్‌రా! ఇప్పుడా? అక్కకీ ఇవ్వమని అప్పుడొక్క మాటన్నావా? దర్జాగా ఆడుకున్నావు. ఇలా తే!"

లాక్కుని పెట్టుకుంది. చీకట్లో ఎర్రటి గీతలు, కొన్ని దగ్గరగా, కొన్ని ఎక్కడో లోపల. అంత లోతులోంచి ఎర్ర బంతొకటి మొహం మీదికొచ్చేసరికి ఉలిక్కిపడింది. తరవాత దేనికోసమో అటూ ఇటూ వెతికింది.

"ఇది కాదురా. రంగులేవి? పచ్చ పడవేదీ? పసుపు పిట్టలొచ్చి నా పేరు పెట్టి పిలుస్తున్నాయనేవాడివి కదా, అవేవీ?"

కళ్యాణ్ తల దించుకున్నాడు.

"అందులో అవేవీ లేవక్కా. ఎప్పుడూ ఎరుపొక్కటే. నువ్వు వెనక నిలబడి 'ఏం కనపడుతోందిరా' అని ఏడుస్తుంటే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాణ్ణి. నీకూ ఇవ్వమని అమ్మతో చెప్పే ధైర్యం లేకపోయింది."

ఇన్నేళ్ళూ తనకి దక్కలేదని కుళ్ళి కుళ్ళి ఏడ్చిన ఆ లోకమంతా, వీడు తనకోసం అల్లిందా! "వెధవా, అప్పుడే చెప్పి చావొచ్చు కదరా!" అంటూ ప్రసన్న చేత్తో తడుముకుని తమ్ముడి నెత్తిన ఒక్కటి మొట్టింది. జోడు కిందనుంచి కన్నీళ్ళు చెంపల మీదికి కారుతున్నాయి.

"అమ్మా, ఏం కనపడుతోందే? చెప్పవే!" భవాని కొంగు లాగింది.

ప్రసన్న చెప్పబోయి ఆగింది. "ఒకళ్ళు చెబితే వినే ఖర్మ నీకెందుకే? నువ్వే చూడు" అని జోడు తీసి కూతురి ముందు పట్టి, అడ్డం రా చూద్దాం అన్నట్టు తల్లి వైపు చూసింది.

అచ్చాయమ్మ ఏదో అనబోయింది. తడిసిపోయిన ప్రసన్న మొహం చూసి ఆ మాట మింగేసింది. నూనె చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి మనవరాలి ముందు చతికిలబడింది.

"ఆగు, జడ అడ్డొస్తోంది" అంటూ జడ వెనక్కి తీసి, తనే ఆ జోడు దాని చెవులకి తగిలించింది. తరవాత ప్రసన్న కేసి చూడలేక, "తప్పయిపోయిందే తల్లీ" అంది.

భవాని అప్పటికే ఎర్ర బంతి వెనక పడింది. ఎవరి మాటా వినిపించుకోవడం లేదు.