బొచ్చు కార్పెట్ కింద గుల్ల సప్పుడు

గోదావరిఖని పాత కాలనీలో చివరి లైను, చివరి క్వార్టర్. దానికి పేరు మంచిది కాదు.

ఎవరికి వచ్చినా నెల తిరక్కుండానే సామాన్లు సర్దుకునేవారు. ఎందుకని అడిగితే మొహం పక్కకు తిప్పుకునేవారు. బాగా దగ్గరివాళ్లయితే గొంతు తగ్గించి చెప్పేవారు — "రాత్రి కర్ర సప్పుడయితది... బయట కాదు. లోపల్నే."

ఆ క్వార్టర్ తీతుకు వచ్చింది.

తీతు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్. పెళ్లయిన దగ్గర్నుంచీ అతని భార్య ఎవాంజెలిన్, అత్త సత్యవతి ఇంట్లో, దుప్పటి పరదాగా కట్టిన మూలలోనే కాపురం చేసింది. అత్త చెడ్డదేం కాదు. కానీ కూరలో ఉప్పు మొదలు ప్రార్థనలో ఆమెన్ దాకా అంతా ఆమె చెప్పినట్టే జరగాలి. అందుకే దయ్యముందన్నా ఎవాంజెలిన్ వెనక్కి తగ్గలేదు.

"నాకు దేవుడు తోడున్నడు అత్తమ్మా," అంది.

"దేవుడు నా ఇంట్ల గూడ ఉన్నడు బిడ్డా," అంది సత్యవతి. "సూస్త. వారం తిరిగేసరికి చాప సుట్టుకొని వస్తవు."

ఎవాంజెలిన్ చాప చుట్టలేదు. పరిచింది. అది కూడా ఒకటి కాదు. ఇల్లు అందంగా కనపడాలంటే ఒకదాని మీద ఒకటి పరచాలని ఫోన్లో చూసింది. ముందు గది నిండా జనపనార పట్టా. దాని మీద కొంచెం ఏటవాలుగా, తల్లి పెట్టిన వరంగల్ జంపఖానా — ఎర్ర చారలు కనబడేట్టు. దాని మీద, మంచం పక్కన, మేకపిల్ల వీపులాంటి మెత్తటి బొచ్చు కార్పెట్.

తీతు గడపలో నిలబడి చూశాడు. బాయిలో బొగ్గు పొరను సీము అంటారు. "అడుగు సీము, నడిమి సీము, మీది సీము," అని లెక్కపెట్టి, "ఇగ బొగ్గు తీసుడే తక్వ," అన్నాడు.

సత్యవతి చూడటానికొచ్చింది. చెప్పులు విడిచి, బొటనవేలితో కార్పెట్‌ను నొక్కింది. "నేలకు సిగ్గయితుందా, గిన్ని కప్పినవ్?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "సర్దారుకు నచ్చుతదో లేదో మరి."

"ఏ సర్దారు?"

"బిక్షం సర్దారు. ఈ ఇంట్లనే ఉండేటోడు. రిటైరై, ఊరికి పోయి, మంచిగ మంచం మీదనే పాణం ఇడిసిండు. డ్యూటీ మాత్రం ఇడువలేదంటరు."

బాయిలోకి మనుషులు పోయే ముందు సర్దారు పోతాడట. కర్రతో పైకప్పును కొట్టి, చెవి పెట్టి వింటాడట. ఖంగుమంటే గట్టిగున్నట్టు. దబ్బుమంటే లోపల గుల్ల — ఎక్కడి పని అక్కడ వదిలి బయటికి రావాలె. గట్టిగుంటే సుద్దముక్కతో ఆనాటి తారీఖు, తన గుర్తు రాస్తాడు. అది చూశాకే పని.

"ఇంట్ల గూడ గంతే. పండే ముందు ఇనుప పొన్నుకర్రతోని నేల మీది ఒక్కొక్క బండ కొట్టి సూసేటోడు," అని సత్యవతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటూ పోయింది.

ఆ వారం తీతుకు నైట్ షిఫ్టు.

ఎవాంజెలిన్ బైబిల్ తలకింద పెట్టుకుని పడుకుంది. బయట కుక్కలు అరిచి అరిచి ఊరుకున్నాయి. కునుకు పట్టబోతుండగా —

టంగ్.

వరండాలో. రాతి బండ మీద ఇనుప పొన్ను.

టంగ్... టంగ్...

గడియ పెట్టిన తలుపు పెట్టినట్టే ఉంది. సప్పుడు మాత్రం లోపలికొచ్చింది. గడప దాటింది. పట్టా అంచు దాకా వచ్చింది.

దబ్.

ఆగింది.

మళ్లీ, ఇంకొంచెం దగ్గర... దబ్. జంపఖానా మీద. ఆ తర్వాత మంచం పక్కనే, బొచ్చు కార్పెట్ మీద — దబ్ అని కూడా కాదు, ఎవరో మింగేసినట్టు... ఏ సప్పుడూ లేదు.

ఎవాంజెలిన్ కీర్తన చదువుదామనుకుంది. పెదవులు కదిలాయి గానీ, వచ్చింది అన్నం ముందు చెప్పే ప్రార్థన.

చీకట్లో ముసలి గొంతు వణికింది. "గుల్ల... అంత గుల్లనే. బయటికి నడువుండ్రి బిడ్డా. జల్ది."

కర్ర టంగ్ టంగ్‌మని వరండాలోకి పరుగెత్తింది. అక్కడే నిలబడిపోయింది.

తెల్లారగానే అత్త ఇంటికి పోవాలె, అనుకుంది ఎవాంజెలిన్. ఆ పరదా మూల, ఆ ఉప్పు, ఆ ఆమెన్... కళ్లముందు తిరిగాయి. అంతలో వరండాలోంచి మళ్లీ గొణుగుడు.

"ఇంకా రాలే. లోపల ఒక్కరున్నరు... వాళ్లను ఇడిసి నేనెట్ల పోవాలె?"

ఆమె గుండెలో ఏదో మెత్తబడింది. ఇన్నాళ్లూ జనాన్ని పారదోలిన దయ్యం, ఇప్పుడు ఆమె పరిచిన కార్పెట్లకు దడుచుకుంది. దడుచుకుని కూడా పోవడం లేదు.

మంచం దిగింది. బొచ్చు కార్పెట్ మూల, జంపఖానా మూల, పట్టా మూల — మూడూ కలిపి వెనక్కి మడిచింది. చల్లటి బండ కాలికి తగిలింది.

"తాతా," అంది గుసగుసగా. "గుల్ల గాదు. బట్టలు పరిచిన, గంతే. కింద బండ గట్టిగనే ఉన్నది. వచ్చి కొట్టి సూసుకో."

కర్ర మెల్లగా గడప దాటి వచ్చింది.

...ఖంగ్.

ఎవరో తృప్తిగా ఊపిరి వదిలారు. బండ మీద ఏదో గరగరా గీసుకున్న సప్పుడు. తర్వాత ఆమెకు తెలియకుండానే నిద్ర పట్టింది.

వారం తిరగవచ్చింది. సత్యవతి పొద్దున్నే ఖాళీ సంచితో వచ్చింది, కోడలి బట్టలు సర్దుకుని తీసుకుపోదామని. కోడలు చాయ్ ఇచ్చింది. మొహం తేటగా ఉంది. సత్యవతికి అదే నచ్చలేదు.

"గింత సోకు చేసి, ఆ మూల ఎందుకు మడిచినవ్?"

"అది గట్లనే ఉండాలె అత్తమ్మా."

సత్యవతి వంగి చూసింది. బండ మీద సుద్దతో తారీఖు, పక్కన వంకర గీతతో ఒక గుర్తు. "తీతుగాని పనేనా ఇది? నిన్ను బెదిరిస్తున్నడా?" అంటూ తుడవటానికి కొంగు తీసింది.

ఎవాంజెలిన్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"తుడువకు అత్తమ్మా," అంది నెమ్మదిగా. "రోజూ ఆయనే తుడుసుకొని రాస్తడు."

సత్యవతి మళ్లీ చూసింది. అది ఇవాళ్టి తారీఖు. రాత్రి షిఫ్టుకు పోయిన తీతు ఇంకా డ్యూటీ నుంచి రాలేదు.