మర్నాటి చౌడర్

"థోరా గుమ్మం ముందు గార్నెట్ గాడి బూట్లున్నాయమ్మా!" అంటూ మావాడు మెర్రిల్ వానలో తడిసి ముద్దయి వంటింట్లోకొచ్చాడు. థోరా మీద వాడికి మనసు; గార్నెట్‌కీ ఉందని వాడి అనుమానం.

"ఉంటే ఉన్నాయిలే. ముందు ఆ కోటు విప్పు. జలుబు చేసి, న్యుమోనియాలోకి దిగుతుంది."

"పొద్దున్నే హాడక్ చేప పట్టి, ముళ్లు కూడా తీసిచ్చింది నేను. 'పాలూ దుంపలూ వేసి చౌడర్ కాస్తున్నా, నువ్వు రేపు రా' అంది. రేపట! ఇవాళేమో వాడు లొట్టలేసుకుని తింటున్నాడు. కిటికీలోంచి చూశాను."

"వానలో నిలబడా?"

"నవ్వకు. రేపు పెద్ద పడవెక్కి పోతున్నా. చలికాలం దాటేదాకా రాను. వాడి ఎంగిలి నాకేం వద్దు!"

నడి సముద్రం, మంచు, కోపంతో కాలుజారే ఈ పిల్లాడు. రాత్రంతా వాణ్ని నీళ్లలోనే చూశాను.

పొద్దున సంచీ భుజానేసుకుని బయల్దేరాడు. మఫ్లర్ మర్చిపోయాడని వెనకే పరిగెత్తాను. రేవుకి దారి థోరా ఇంటిమీదుగానే. తలుపు తీసి ఉంది. వీడు ఆగాడు. ఆగకుండా ఉంటాడా!

"గార్నెట్ కడుపు నిండిందా?" అన్నాడు గుమ్మంలోంచి.

"నిండింది. కారుతున్న ఇంటికప్పు బాగుచేసి ఆకలన్నాడు. అప్పుడే దించింది పోశాను. పాలు పాలే, చేప చేపే, నీళ్లలా ఉందని సణిగాడు కూడా. ఆ సంచీ ఏంటి?"

"నన్ను మాత్రం రేపు రమ్మన్నావు."

థోరా గరిటె పట్టుకుని నడుంమీద చెయ్యేసింది. "ఈ రేవులోనే పుట్టావు కదా! పొయ్యిమీంచి అప్పుడే దించింది ఎవరికి పోస్తారు? రాత్రంతా చల్లని గదిలో ఉంచి, చేప రుచి పాలకీ దుంపలకీ పట్టాక ఎవరికి పెడతారు? నీకు తెలీదూ?"

మావాడి చెవులు ఎర్రబడ్డాయి.

"తెలుసమ్మా. దించింది దారినపోయేవాడికి, మర్నాటిది మనసైనవాడికి. కుళ్లుతో మర్చిపోయాడు," అన్నాను.

"అయ్యో, నిన్నటి చౌడర్ వెచ్చబెడుతుంటే పాలు మరుగుతున్నాయి! మీ వాడితో మాట్లాడితే ఇంతే. విరిగిపోతే?"

మెర్రిల్ సంచీ కింద పారేసి, ఒట్టి చేతుల్తోనే గిన్నె దించేశాడు. చేతులు కాలాయేమోనని నా ప్రాణం లేచిపోయింది. వాడికి ఆ స్పృహే లేదు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

నేనూ రుచి చూశాను. నా చౌడర్‌కన్నా బావుంది. నాకూ కాస్త కుళ్లు పుట్టింది, అబద్ధమెందుకు.

"రేపు కూడా రానా?" అన్నాడు మావాడు.

"పడవ పోతోందిగా?"

"పోనీ."

కుర్చీని కిటికీ దగ్గరికి జరుపుకున్నాడు. "గార్నెట్ ఈ దారినే వస్తాడు కదమ్మా?"

"వస్తాడు గానీ, ముల్లుందేమో చూసి తిను!"

థోరా నవ్వి నా ముందు ఇంకో గిన్నె పెట్టింది. నిన్నటిదాకా ఆంటీ అని పిలిచిన పిల్ల. "కూర్చోండి అత్తయ్యా, మీకూ దాచాను."