ఆరున్నొకటో టెస్ట్

ఉదయం ఎనిమిదింటికి రావులపాలెం వంతెన మీద లోకనాథ్ బైక్‌ని ఒక లారీ గుద్దింది. వెనక్కొచ్చి మళ్లీ గుద్దింది.

పేపర్లో అది ప్రమాదమనే వస్తుంది. ప్రమాదాలు రివర్స్ గేర్‌లో రావని పేపర్లవాళ్లకి ఎవరు చెప్పాలి?

తొమ్మిదింటికి రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ దగ్గర ఆటోలో కూర్చున్న వీరబాబు ఫోన్ మోగింది.

"చక్కెరకేళీ గెల ఎంత పలుకుతోందండి?"

"పలకడమేంటండి, మగ్గిపోయింది."

కోడ్ సరిపోయింది. "వెంటనే రా," అని లైన్ కట్టయింది.

వీరబాబు వయసు నలభై తొమ్మిది. పైకి ఆటో డ్రైవర్. లోపల ఏజెంట్ నైన్‌టీన్. ఏడో తరగతిలో బడి మానేశాడు కాబట్టి ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క ప్రమోషన్ లేదు. విద్యార్హత అనే గడి దగ్గర ఫైలు ఆగిపోయేది. ఆ ఇరవై రెండేళ్లలో అతను నేర్చుకున్నది ఒక్కటే. ఎవర్నీ నమ్మకూడదు. నవ్వుతూ ఇంగ్లీషు మాట్లాడేవాళ్లని అసలు నమ్మకూడదు.

పదింపావుకి రావులపాలెం అరటి మార్కెట్ వెనక, కాయలు మగ్గబెట్టే చల్లగదిలోకి దూరాడు. గెలల వరస వెనక సర్వర్. దాని ముందు చీఫ్ జగన్నాథరావు.

"మనవాళ్లు నలభై ఒక్కమంది శత్రుదేశంలో ఉన్నారు. ఒక్కొక్కరి పేరు, ఆచూకీ ఒక్కో టోకెన్‌లో సీల్ చేశాం. ఇప్పుడవి మన నెట్‌వర్క్ కింది లేయర్‌లో ఉన్నాయి. ఆ లేయర్ వాసన వాళ్లు పట్టారు. పదకొండింటికి మొత్తం టోకెన్లు బ్రిడ్జ్ మీదుగా పై లేయర్‌కి పంపేస్తున్నాం."

"బ్రిడ్జ్ అంటే ఏంటండి?"

"కింద టోకెన్‌కి తాళం పడుతుంది. పడ్డాకే పైన దాని జోడు పుడుతుంది."

వీరబాబు తండ్రి గోదావరి కాలవ లాకుల దగ్గర తలుపులు తీసి మూసే లస్కరుగా చేశాడు. "లాకుల్లో పడవని ఎక్కించినట్టన్నమాట. కింది తలుపు మూసుకున్నాకే పై తలుపు తియ్యాలి."

"అంతే. రెండూ ఒకేసారి తెరుచుకున్నాయో..."

"పడవ మునుగుద్దండి."

ఆ నలభై ఒకటిలో ఇరవై మూడో టోకెన్ పేరు తాతాజీ. వీరబాబు తమ్ముడు.

"దీన్ని టెస్ట్ చేసిందెవరండి?"

"లోకనాథే, పొద్దున లారీ గుద్ది పోయిన మనవాడు. వారం రోజులు డమ్మీ టోకెన్లు పంపి చూశాడు. రిపోర్ట్ రాత్రే ఈవిడకిచ్చాడట."

తలుపు దగ్గర నిలబడి ఉందావిడ. పేరు అలేఖ్య. హెడ్డాఫీసు పంపిన సెక్యూరిటీ ఆడిటర్. నల్ల షిఫాన్ చీర, చెవులకి పచ్చలు. అరటికాయల వాసనని ఆవిడ సెంటు వాసన మింగేస్తోంది.

"చాలా క్లీన్ వర్క్ అండి లోకనాథ్ గారిది," అందావిడ నవ్వుతూ. "మొదటి టెస్టుకి ఒక టోకెన్, రెండోదానికి రెండు, అలా పది దాకా. అన్నీ పాస్."

"రాత్రి రిపోర్టిచ్చినవాడు పొద్దున్నే పోయాడు. మీకేం అనిపించలేదా మేడమ్?"

"అనుమానాలకి మీరున్నారుగా. బ్రిడ్జ్ సంగతులు ఏడో తరగతి పుస్తకంలో ఉండవు లెండి."

గోడ అవతల లోవరాజు గొంతు వినిపిస్తోంది. ముప్పై ఏళ్లుగా ఈ మార్కెట్‌లో గెలలు లెక్కపెడుతున్నాడు. లోకనాథ్ తండ్రి. పని అయ్యేదాకా అతనికి చెప్పొద్దని చీఫ్ ఆర్డర్. కొడుకు శవం మార్చురీలో, తండ్రి లెక్కలో.

పదకొండు. చీఫ్ ఎంటర్ నొక్కాడు. స్క్రీన్ మీద గడియారం పది నిమిషాల నుంచి వెనక్కి నడవడం మొదలెట్టింది.

"ఇది ఛాలెంజ్ విండో. ఈలోగా మనలో ఎవరి కీ పెట్టినా అంతా ఆగిపోతుంది. కానీ ఊరికే ఆపామా, వారం రోజులు నెట్‌వర్క్ ఫ్రీజ్. అక్కడున్నవాళ్లకి మన కబురే అందదు."

వీరబాబు రిపోర్ట్ తీసుకున్నాడు. వేలు పెట్టి ఒక్కో వరసా కూడబలుక్కుంటూ చదవసాగాడు. అలేఖ్య చేతి వాచీ చూసుకుంది. ఆమె అలా చూసుకోవడం ఇది మూడోసారి.

టెస్ట్ ఏడు. పంపినవి 7. చేరినవి 7.

గోడ అవతల లోవరాజు కొత్త లోడు మొదలెట్టాడు. "లాభం... రెండు... మూడు..."

వీరబాబు వేలు ఆ వరస మీదే ఆగిపోయింది.

"...అయిదు... ఆరు... ఆరున్నొకటి... ఎనిమిది..."

"ఇది లోకనాథ్ రాసింది కాదండి."

"ఏంటి?" అన్నాడు చీఫ్.

"ఏడు అంటే ఏడవమన్నట్టని వాళ్లింట్లో ఆ మాట నోట రానివ్వరండి. వీడు కంప్యూటర్లోనూ అంతే. ఆరు పంపి, తరవాత ఒకటి పంపేవాడు. పది టెస్టులకి పదకొండు వరసలు. ఇదివరకు నాలుగు రిపోర్టులు నేనే మోశాను కదండీ. ఇందులో పదే ఉన్నాయి."

"ఆ పట్టింపు నమ్ముకుని వారం రోజులు ఫ్రీజ్ చెయ్యమంటావా వీరబాబూ? తప్పయితే?"

"తప్పయితే మా తమ్ముడే కదండీ మొదట పోయేది."

గడియారంలో ముప్పై సెకన్లు. వీరబాబు మెడలో తాయెత్తు తెంపాడు. డొల్ల లోపల మెరిసింది హార్డ్‌వేర్ కీ.

"అక్కడే ఆగండి."

అలేఖ్య చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్టల్. గొంతులో నవ్వు పోయింది. "పది వరసలు రాయడానికి రాత్రంతా పట్టింది నాకు. ఒక్క అంకె!"

వీరబాబు పక్కనున్న గెలని ఎత్తి విసిరాడు. పేలిన గుండు కాయల్లో దిగింది. గెల ఆవిడ భుజం మీద పడింది. చీఫ్ దూకి పిస్టల్ లాక్కున్నాడు. వీరబాబు కీ గుచ్చాడు.

గడియారం ఒకటి దగ్గర ఆగింది.

చీఫ్ పిస్టల్ ఆవిడ వైపే పట్టుకుని, రెండో చేత్తో పై లేయర్ తెరిచాడు. కింద తాళం పడకముందే పైన జోడు టోకెన్లు పుట్టేశాయి. ఒక్కొక్కటి కాదు, రెండేసి. రెండోవి విదేశీ అడ్రస్‌కి బయలుదేరి గేటు దగ్గర నిలిచిపోయాయి. రెండు తలుపులూ ఒకేసారి తీసే కోడ్ బ్రిడ్జ్‌లో దూర్చారు. లోకనాథ్ కనిపెట్టింది అదే. అందుకే లారీ రెండుసార్లు వచ్చింది.

వీరబాబు బయటికి నడిచాడు.

"రా వీరబాబూ," అన్నాడు లోవరాజు, గెల దించుతూ. "ఆరు... మావాడు పొద్దున్న టిఫిన్ కూడా తినకుండా పోయాడు. నీ దగ్గరికేమైనా వచ్చాడా?"

వీరబాబు తలకి చుట్టిన తువ్వాలు తీసేశాడు.

లోవరాజు అతని మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. తరవాత గెల మీద చెయ్యేసి, ముప్పై ఏళ్లలో మొదటిసారి,

"ఏడు," అన్నాడు.

నెల తరవాత వీరబాబుకి ప్రమోషన్ ఫారం వచ్చింది. విద్యార్హత గడిలో ఆరున్నొకటో తరగతి అని రాసి పంపాడు. అంకెల్లో రాయాలంటూ ఆఫీసువాళ్లు ఫారం తిప్పి పంపారు.