జోడుతూముల కాడ పాట

జోడుతూముల కాడికి పొద్దుగుంకినంక మా ఊరోళ్లు ఎవరూ పోకపోదురు. మూడేండ్లు అట్లనే గడిచినయ్.

పగటి పూట చూస్తే ఆడ ఏం లేదు. గిల్లేసూగూరు తోవ నుంచి లోపలికి తిరిగితే కాలువ కట్ట వస్తది. కట్ట మీద మైలు దూరం నడిస్తే పక్కపక్కన రెండు ఇనుప తలుపుల తూము. ఒక తలుపు తీస్తే నీళ్లు క్యాంపు పొలాలకు, అంటే వలసొచ్చిన ఆంధ్రోళ్ల ఊరికి పోతయి. ఇంకోటి తీస్తే కిందికి, మా ఊరికి. నల్లరాళ్ల గోడ, పెచ్చులూడిన సున్నం, నాలుగు తుమ్మచెట్లు. మేకలు గూడ భయం లేకుండ మేస్తుంటయి.

పొద్దుగుంకితే మాత్రం...

ఆ కాలువ తవ్వినప్పుడు మిషన్లు తక్కువ. పార, గడ్డపార, తట్ట, గాడిదలు. ఎంత లోతు తవ్విన్రో కొలవనీకి గుంత నడుమ ఒక మట్టిదిమ్మ అట్లనే వదిలేటోళ్లు. దిమ్మ ఎంత ఎత్తుంటే అంత పని అయినట్టు. మా దిక్కు నల్లరేగడి. ఎండకు పగులుతది, వానకు జారుతది. ఒకనాడు మునిమాపు యాళ్లకు తూము కాడ గట్టు ఇరిగి పడ్డది. కింద నలుగురు ఆడోళ్లు. ముగ్గురిని పానంతోని బయటికి గుంజిన్రు. నాలుగో ఆమె తిమ్మమ్మ... ఆమెను తీసెటాళ్లకు తెల్లారింది. తట్ట ఇంకా నెత్తి మీదనే ఉండె అంటరు.

పని ఆగలే. ఆ జాగలనే రాయి పేర్చి, సున్నం పోసి, తూము కట్టిన్రు.

ఆ తిమ్మమ్మకు మనుమరాలు మా చెన్నవ్వ. బిడ్డ బిడ్డ. యాభై ఐదేండ్లుంటయి. ఇదంతా నాకు ఆమెనే చెప్పింది.

తూముకు చెడ్డపేరు పాతదే గాని, పాట మాత్రం మూడేండ్ల కింద మొదలయ్యింది. మంగళారం, బుధారం రాత్రులు నీళ్లు మా ఊరి వంతు. మా తలుపు ఎవరూ మూయకుండ ఇద్దరు మగోళ్లు తూము కాడ కాపలా పండుకునేటోళ్లు. ఒక మంగళారం ఉరుకుందప్ప వంతొచ్చింది. తోడున్నోడు తిని వస్తనని ఇంటికి పోయిండు.

తొమ్మిది కావస్తుంది. చంద్రుడు లేడు. ఉరుకుందప్ప బీడీ ముట్టిచ్చుకుంటుండె.

రాళ్ల కింద నుంచి... ఆడ గొంతు.

మెల్లగ. ఎవర్నో పిలుస్తున్నట్టు, పాట.

బీడీ ఏడ పడ్డదో తెల్వదు, ఆయనైతే రాళ్ల మీద పడ్డడు. కాలు ఇరిగింది. పాకుకుంట పాకుకుంట ఊరు చేరిండు. నాలుగు దినాలు జ్వరం. ఐదో దినం మంచం చుట్టు కూసున్నోళ్లు ఏం పాటనో చెప్పమన్నరు. ఆయన చెప్పిండు -

"తట్ట తట్టకు మన్ను ఎత్తిపోస్తినమ్మా...
నువ్వొచ్చే తోవేదే కాలువమ్మా..."

గంజి చెంబు పట్టుకోని గడపల నిలవడ్డ చెన్నవ్వ చేతుల నుంచి చెంబు జారింది.

"అది మా అవ్వ పాట," అన్నది.

ఆ పాట ఊర్ల ఇంకెవరికీ రాదు. తిమ్మమ్మ మన్ను మోసుకుంట సొంతంగ కట్టుకున్నది. గట్టు మీద ఆడుకుంట అది ఇన్న చిన్నపిల్లనే చెన్నవ్వ తల్లి. ఆమె చెన్నవ్వకు నేర్పి పోయింది. అంతే.

ఇంక అనుమానం ఏముంది? దెయ్యానికి పేరు దొరికింది. ఆ తర్వాత ఇద్దరు ధైర్యం చేసి బత్తీలు పట్టుకోని పోయిన్రు. మొదటి మాట చెవుల పడంగనే ఎనక్కి చూడకుండ ఉరికొచ్చిన్రు. కాపలా బందయ్యింది.

నీళ్లు గూడ బందయినయ్. మా వంతు రాత్రులు తెల్లారి చూస్తే కాలువల చీలమండల లోతు నీళ్లు గూడ ఉండకపోయేది. తిమ్మమ్మ మన్ను కింద దూపతోని సచ్చింది, నీళ్లు కిందికి వదుల్తలేదు అన్నరు. కొందరు వరి ఇడిచిపెట్టి పత్తి పెట్టిన్రు. కొందరు బెంగళూరుకు సిమెంటు పనికి పోయిన్రు.

చెన్నవ్వకు రెండెకరాలు. మొగుడు పోయి ఆరేండ్లు. ఈ ఏడు వానలు బాగ పడ్డయని, డ్యాం నిండిందని, ధైర్యం చేసి వరి నాటింది. కంకి పాలు పోసుకునే యాళ్లకు మడి నెర్రెలిచ్చింది. ఒక్క తడి పడితే పంట. పడకుంటే గడ్డి.

"మా అవ్వనే గద," అన్నది నాతోని. "నన్నేం చేస్తది? పోయి అడుగుత."

ఆ మాట ఊర్ల ఎవరికీ చెప్పలే. క్యాంపుల కుసుమకు చెప్పింది.

కుసుమ వాళ్లది కోస్తా దిక్కు. ఆమె మామ కాలంల వచ్చి ఈడ పొలాలు చేసుకున్నరు. మొగుడు చెంచయ్య. పన్నెండెకరాలు, తూముకు పైన. చెన్నవ్వ ఇరవై ఐదేండ్లు వాళ్ల మడిలనే నాట్లేసింది, కలుపు తీసింది. కుసుమకు బిడ్డ పుట్టిన రాత్రి వానకు తోవ తెగి బండి రాకపోతే, పక్కన కూసోని ఆ చెయ్యి పట్టుకున్నది చెన్నవ్వనే. పుట్టింటోళ్లు దూరం. బాలింతకు నెల దినాలు నీళ్లు పోసింది గూడ ఈమెనే. కూలికి పోయినట్టు గాదు, అక్క ఇంటికి పోయినట్టు పోతుండె.

కుసుమ గాబరపడ్డది. చెన్నవ్వ రెండు చేతులు పట్టుకున్నది.

"వద్దు చెన్నవ్వా. పోయినవాళ్లకి మన వరసలు గుర్తుండవు. నీకేమన్నా అయితే నాకెవరున్నారు?"

కండ్లల్ల నీళ్లు గూడ తిరిగినయట. గుడి నుంచి తెచ్చిన ఎర్రదారం చెన్నవ్వ ముంజేతికి కట్టింది. పోనని మాట తీసుకున్నది. చెన్నవ్వ మాటిచ్చింది గాని... మడి ఎండుతుంటే మాట ఏడ నిలుస్తది?

మంగళారం బయలెల్లింది. రెండు జొన్నరొట్టెలు, ఉల్లిగడ్డ, పచ్చరవిక గుడ్డ, చెంబెడు మంచినీళ్లు. బత్తీ తీసుకపోలే. అవ్వ బెదురుతదేమోనని.

కట్ట మీద చీకటి. కాలి కింద గులకరాళ్ల చప్పుడు తప్ప ఏం లేదు. ఒకసారి ఎనక ఎవరో నడిచినట్టయితే నిలవడ్డది... తన కొంగే, తుమ్మకంపకు తట్టుకోని గుంజింది. ఇడిపిచ్చుకోని మళ్ల నడిచింది.

తూము కాడ రొట్టె, గుడ్డ, చెంబు రాయి మీద పెట్టింది. తుమ్మచెట్టు మొదట్ల కూసున్నది.

చానాసేపు ఏం లేదు. కప్పలు. నీళ్ల గలగల.

ఆ తర్వాత -

"తట్ట తట్టకు మన్ను ఎత్తిపోస్తినమ్మా..."

తుమ్మచెట్టును గట్టిగ పట్టుకున్నది. గొంతు రాళ్ల కింద నుంచే వస్తుంది. గుంతల నుంచి వచ్చినట్టు, తడిసినట్టు.

"అవ్వా..." అన్నది చెన్నవ్వ. తనకే ఇనపడనంత మెల్లగ. "నేను. నీ బిడ్డ బిడ్డను."

పాట ఆగలే.

"నా బిడ్డ దూపకు ముందే రావమ్మా...
నా పాదం తడిపి పోవే కాలువమ్మా..."

చెన్నవ్వకు భయం పోయి ఏడుపొచ్చింది. కంటితోని చూడని అవ్వ. మన్ను కింద ఒక రాత్రంతా ఉన్న అవ్వ. పూర్తిగ ఇందామనుకున్నది. ఇప్పటి దాంక ఎవరూ పూర్తిగ ఇనలే. అందరూ మొదటి చరణానికే ఉరికొచ్చిన్రు.

నాలుగు చరణాలు అయినయ్. పాట నిలిచింది.

నిమ్మళం...

రాళ్ల కింద నుంచి ఒక దగ్గు వచ్చింది.

ఎనకనే మాట -

"కుసుమక్కా... జరా మంచినీళ్లియ్యి. గొంతు ఎండిపాయె."

చెన్నవ్వ బిగుసుకపోయింది. అవ్వకు కుసుమ ఎట్ల తెలుసు? అవ్వ సచ్చెటప్పటికి కుసుమ పుట్టనే లేదు.

స్టీలు గిలాస తగిలిన చప్పుడు. ఒక ఆడపిల్ల నవ్వు. "ఇంకొక్కసారి పాడు పిన్నీ..."

మళ్ల మొదటి నుంచి, పాట.

అది అవ్వ గొంతు గాదు. తన గొంతు.

అప్పుడు యాదికొచ్చింది. కుసుమ బిడ్డ మాధవీలత రాయచూరు కాలేజీల చదివేటప్పుడు, కాలువ ఎట్ల తవ్విన్రో రాసుకురమ్మని సారు చెప్పిండని, ఒక మధ్యాన్నం వసారల కూసోబెట్టి అన్నీ అడిగింది. మట్టిదిమ్మల సంగతి, గట్టు ఇరిగిన సంగతి. పాటలు గూడ పాడిచ్చుకున్నది. ఫోను చాప మీద పెట్టి ఉండె. ఆ పిల్ల నోటుబుక్కుల రాసుకుంటుందనే చెన్నవ్వ అనుకున్నది. ఫోను ఇంటుందని తెల్వదు. మన గొంతు మనకు బయటి నుంచి ఎట్లుంటదో గూడ ఆమెకు తెల్వదు.

రాళ్ల సందుల చెయ్యి పెట్టింది. యూరియా సంచి ముక్కల చుట్టిన స్పీకర్ డబ్బా. ఇటుకంత ఉన్నది. దాని మీద చిన్న నీలం దీపం.

అదే యాళ్లకు తూము మీద ఇనుము కిర్రుమన్నది.

మనిషి. నెత్తికి తువ్వాల. వంగి చక్రం తిప్పుతున్నడు. మా ఊరి తలుపు అంగుళం అంగుళం దిగుతుంది. పక్క తలుపుల నీళ్ల చప్పుడు పెరుగుతుంది. ఆయన అటు ఇటు గూడ చూస్తలేడు. ఎవరూ రారని అంత నమ్మకం.

చెంచయ్య. ఆమె బావా అని పిలిచే చెంచయ్య. పది అడుగుల దూరంల.

పిలుద్దామనుకున్నది. డబ్బా కొంగుల చుట్టుకోని కట్ట దిగి, పొలాలకు అడ్డంబడి నడిచింది.

డబ్బా మాత్రం పాడుకుంటనే ఉన్నది. ఎట్ల ఆపాల్నో ఆమెకు తెల్వదు. ఏడ ఒత్తినా ఆగకపోయె, ఇంకింత గట్టిగ అయ్యింది.

గట్లనే ఊర్లకు వచ్చింది.

ఆ రాత్రి నేను మా ఇంట్లనే ఉంటి. చెప్తుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది. తూము కాడ ఉండాల్సిన పాట... ఊరి మొదట్ల. పాట దగ్గరికొస్తుంటే ఒక్కో ఇంటి దీపం ఆరిపోతుంది. గొళ్లాలు పడ్డయి. మా అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పాట మా గడప ముందు నుంచి మెల్లగ, అడుగులేసుకుంట పోయింది.

ఉరుకుందప్ప ఇంటి ముందట ఆగింది.

"ఉరుకుందప్పా, తలుపు తియ్యి. దెయ్యాన్ని కొంగుల కట్టుకొచ్చిన. దీని నోరెట్ల మూయాల్నో నాకు తెల్వదు."

ఎంతసేపటికో తలుపు తెరుచుకున్నది. ఉరుకుందప్ప కుంటుకుంట వచ్చి డబ్బా చేతులకు తీసుకున్నడు. తిప్పి తిప్పి చూసిండు. ఒక బొత్తం నొక్కి పట్టుకున్నడు. పాట ఆగింది. గడపల కూసోని తన కాలు దిక్కు చూసుకున్నడు.

ఆ రాత్రే ఇరవై మందిమి తూము కాడికి పోయినం. చెంచయ్య అప్పటికే ఎల్లిపోయిండు. మూసిన తలుపు పైకి లేపినం. తెల్లారెటాళ్లకు చెన్నవ్వ మడిల నీళ్లు నిలిచినయ్. సగం పంట దక్కింది.

క్యాంపు పెద్దలు, మా పెద్దలు కూసున్నరు. చెంచయ్య తలొంచుకోని తప్పయిపోయిందన్నడు. పొద్దుగుంకకముందే డబ్బా పెట్టిపోతే, రాత్రి దానంతటదే పాడేటట్టు చేసిననని ఒప్పుకున్నడు. తూముకు కొత్త తాళం పడ్డది. మా వంతు రాత్రులు తాళంచెవి మా ఊర్లనే ఉంటది.

మూడో దినం కుసుమ వచ్చింది. ఇరవై ఐదేండ్లల్ల చెన్నవ్వ ఇంటికి రావడం అదే మొదలు. గుంజను పట్టుకోని ఏడ్చింది. తనకేం తెలీదన్నది. బిడ్డ ఫోన్లో నుంచి ఆయనెప్పుడు తీసుకున్నాడో, ఏం చేశాడో తన దాకా రానీలేదన్నది. బిడ్డ మీద ఒట్టేసింది.

చెన్నవ్వ నమ్మింది. మేము అనుమానపడి ఏదన్నంటే మా మీదికే వచ్చేది. మొగుడు చేసినదానికి ఆమె ఏం చేస్తది అన్నది. మళ్ల వాళ్ల మడికి పోయింది, వాళ్ల వసారల కూసోని కాఫీ తాగింది.

కోతలయినంక బెంగళూరు నుంచి మాధవీలత ఫోన్ చేసింది. ఆ పిల్లకు ఆడ నౌకరి. సంగతి ఆ పొద్దే తెలిసిందట.

"తప్పు నాదే పిన్నీ. నేను ఆ పాట పంపకపోతే ఇదంతా జరిగేది కాదు."

"మీ నాయినకు ఎందుకు పంపినవ్ బిడ్డా?"

"నాన్నకి కాదు పిన్నీ. అమ్మకి. మూడేళ్ల కిందట అడిగింది. నువ్వు పనికి రాని రోజు ఇల్లు బోసిగా ఉంటోంది, నీ గొంతు వినాలనుంది అంది. నీ పాటలన్నీ పంపుతానన్నాను. అవన్నీ వద్దులే, చెన్నవ్వ వాళ్ల చచ్చిపోయిన అమ్మమ్మ పాడేదొక్కటే పంపు అంది."