బోను మీద ఎర్ర కార్డు

ఆ శనివారం పొద్దున షెల్టర్ తలుపు మూడోసారి ధడేల్‌మని మూసుకుంది. మూసింది టపాకాయ.

ఆ పేరు పక్కింటి తాతగారు పెట్టారు. అగ్గిపుల్ల చూపించకముందే పేలుతుందని ఆయన ఉద్దేశం. వయసు పదేళ్ళే గానీ, కోపం మాత్రం పెద్దవాళ్ళకు సరిపోయేంత ఉండేది.

ఆ రోజు పేలడానికి కారణం ఉంది. ఆ షెల్టర్ ఆమె పిన్నిది. వీధిలో దొరికిన కుక్కలు, పిల్లులు అక్కడ ఉంటాయి. లోపల పన్నెండు బోనులు. పన్నెండింటికీ ఎర్ర కార్డులు. ప్రతి కార్డు మీదా పిన్ని లావాటి అక్షరాలు: "ఆహారం వద్దు." గిన్నెలన్నీ రాత్రే కడిగి బోర్లించేసింది. కుక్కలు కడ్డీలు గోకుతున్నాయి. బూడిద అనే పిల్లి అయితే గొంతు చించుకుంటోంది. దాని రంగూ అదే, పేరూ అదే.

"పిన్నీ, వీటికి ఏమీ పెట్టవా?"

"పెట్టను. ఇవాళ ఆపరేషన్లు."

"అయితే మాత్రం పెట్టకూడదా?"

"అయితే గియితే ఏం లేదు. నాకు వంద పనులున్నాయి. వెళ్ళి ఆ తువ్వాళ్ళు మడతపెట్టు."

పిన్నికి నిజంగానే వంద పనులున్నాయి. ఆ రోజు కోసం ఆమె రెండేళ్ళు ఎదురుచూసింది. జంతువులకు సాయం చేసే ఒక సంస్థకు మూడుసార్లు దరఖాస్తు పెట్టింది. మొదటిసారి కుదరదన్నారు. రెండోసారి ఇంకా వివరాలు కావాలన్నారు. మూడోసారి గ్రాంట్ ఇచ్చారు. గ్రాంట్ అంటే మన ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టుకునే డబ్బు కాదు. ఫలానా పనికే అని చెప్పి ఇస్తారు. ఈ గ్రాంట్ పన్నెండు జంతువులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించడానికి. ఒక్క రోజులో అన్నీ అయిపోవాలి. ఈ పన్నెండూ సరిగ్గా జరిగితే వచ్చే ఏడాది యాభైకి ఇస్తామన్నారు.

యాభై ఎందుకంటారా? పోయిన వానాకాలం ఈ గేటు ముందు ఎవరెవరో అట్టపెట్టెలు వదిలి వెళ్ళారు. వాటిలో కళ్ళయినా తెరవని పిల్లికూనలు. మొత్తం ముప్ఫై ఒకటి. బతికినవి తొమ్మిది. ఒక పెట్టె మీద "దయచేసి పెంచండి" అని రాసి, పక్కన పువ్వు బొమ్మ కూడా వేశారు. పువ్వు వెయ్యడానికి తీరిక దొరికిన మనుషులకు పెట్టె మీద ఒక గొడుగు పెట్టాలని తోచలేదు. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కానీ ఇవేవీ పిన్ని టపాకాయకు చెప్పలేదు. తువ్వాళ్ళు మడతపెట్టమని మాత్రం చెప్పింది.

గోడ అవతల నుంచి తాతగారు తల పెట్టారు. "ఏంటమ్మా టపాకాయా ఆ ఏడుపులు? నోరులేని జీవాల్ని మీ పిన్ని అలా మాడుస్తోందేంటి?"

అంతే. ఎండుగడ్డికి నిప్పంటించినట్టయింది.

టపాకాయ తన టిఫిన్ డబ్బా తెరిచింది. ఉడకబెట్టిన గుడ్డు ఒకటి ఉంది. చుట్టూ చూసి, ముక్కలు చేసి, బూడిద బోనులోకి తోసింది. బూడిద నమలను కూడా నమలలేదు, మింగేసింది. బోనులో రాలిన పచ్చసొనను టపాకాయ గౌను అంచుతో తుడిచేసింది.

"నీకు నేనున్నాను," అంది పిల్లితో. పిన్నికి బాగా బుద్ధి చెప్పానని కూడా అనుకుంది.

పది గంటలకు సంస్థ వ్యాన్ వచ్చింది. దిగిన డాక్టరమ్మ పొడుగ్గా, సన్నగా ఉంది. ఒంటిగంటకు ఇంకో చోటికి బయల్దేరాలని వస్తూనే చెప్పింది. ఒక్కో జంతువును బల్ల మీదికి తేగానే ఒకే ప్రశ్న అడిగేది.

"ఖాళీ కడుపేనా?"

"ఖాళీయే," అనేది పిన్ని.

టపాకాయ పక్కన నిలబడి తువ్వాళ్ళు అందిస్తోంది. ఏడోసారి అదే ప్రశ్న విన్నాక ఇక ఉండబట్టలేదు.

"ఎందుకండీ అన్నిసార్లు అడుగుతారు? మా పిన్ని పొద్దున్నుంచి వాటిని మాడుస్తూనే ఉంది."

డాక్టరమ్మ చేతులు ఆగలేదు. "మత్తు ఇస్తే ఒళ్ళంతా వదులైపోతుంది. కడుపులో తిండి ఉంటే గొంతులోకి తన్నుకొస్తుంది. మనమైతే దగ్గుతాం, ఉమ్మేస్తాం. మత్తులో ఉన్నది దగ్గలేదు. ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోవచ్చు. అందుకే అడుగుతాను. వందసార్లైనా అడుగుతాను."

టపాకాయ చేతిలో తువ్వాలు కిందపడింది.

పిన్ని బూడిదను ఎత్తుకొచ్చి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ సిరంజి తీసింది.

"ఖాళీ కడుపేనా?"

"ఖాళీయే," అంది పిన్ని.

"కాదు," అంది టపాకాయ. మళ్ళీ చెప్పింది. "కాదు. గుడ్డు పెట్టాను. ఎనిమిదిన్నరకి."

డాక్టరమ్మ సిరంజి పక్కన పెట్టేసింది. పిన్ని మొహం ఎర్రబడింది.

"పన్నెండు కార్డులు రాశాను. పన్నెండు. నీకు చదవడం రాదా?"

"వచ్చు. వద్దని రాశావు. ఎందుకు వద్దో రాయలేదు. అడిగితే తువ్వాళ్ళు మడతపెట్టమన్నావు."

"నా పిల్లిని చంపబోయి, నన్నే అంటావా?"

"నువ్వు చెప్పుంటే పెట్టేదాన్నా?"

ఇద్దరూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. ఆ కోపం ఆ ఇంటి ఆస్తి కాబోలు. డాక్టరమ్మ పిల్లిని తీసి పిన్ని చేతుల్లో పెట్టింది.

"బయటికెళ్ళి పోట్లాడుకోండి. నేను కత్తి పట్టాలి, చాలా పని ఉంది. ఈ పిల్లికి ఇవాళ కుదరదు. తరవాతదాన్ని తీసుకురండి."

ఒంటిగంటకు వ్యాన్ వెళ్ళిపోయింది. పదకొండు ఆపరేషన్లే అయ్యాయి.

సాయంత్రం పిన్ని సంస్థకు పంపాల్సిన కాగితం ముందేసుకుని కూర్చుంది. "ఎన్ని ఆపరేషన్లు జరిగాయి? తగ్గితే కారణం?" అని అందులో అడిగారు. పిన్ని చాలాసేపు పెన్ను కొరికింది.

"పిల్లికి జ్వరమొచ్చిందని రాసేస్తాను. లేకపోతే యాభై మాట మర్చిపోవాల్సిందే."

టపాకాయకు మళ్ళీ కోపమొచ్చింది. ఈసారి తన మీదే వచ్చింది. అందుకే ఎక్కువ మండింది.

"బూడిదకి జ్వరమేం లేదు. తప్పు చేసింది నేను. ఇలా ఇవ్వు," అని పెన్ను లాక్కుంది.

ఇలా రాసింది: "బూడిద అనే పిల్లికి నేను గుడ్డు పెట్టాను. పెట్టకూడదని కార్డు ఉంది. ఎందుకో తెలియక, కోపంతో పెట్టాను. మా పిన్నికి తెలియదు. బూడిదకి ఇంకోసారి అవకాశం ఇవ్వండి. ఈసారి నేను కాపలా ఉంటాను."

పిన్ని రెండుసార్లు చదివింది. కవరులో పెట్టింది.

జవాబు మూడు వారాలకు గానీ రాలేదు. అన్నాళ్ళూ బూడిదను లోపలి గదిలోనే ఉంచారు. బయట తిరిగితే మళ్ళీ పిల్లల్ని కంటుంది కదా. కిటికీ దగ్గర కూర్చుని అది రోజంతా అరిచేది. టపాకాయ రోజూ బడి నుంచి వచ్చి, ఆ అరుపులు వింటూ గది తుడిచేది.

ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. "వచ్చే శనివారం మా వ్యాన్ మీ దారినే వెళుతుంది, బూడిదను సిద్ధంగా ఉంచండి. యాభై సంగతి ఆ తరవాత మాట్లాడదాం."

ఆ శనివారం పొద్దున బోను మీద కొత్త కార్డు వేలాడింది. రాసింది టపాకాయ. "నా మీద జాలేస్తోందా? అయితే ఏమీ పెట్టకండి. తిన్నాక మత్తిస్తే నాకు ఊపిరాడదు. ఇట్లు, బూడిద."

తాతగారు బిస్కెట్ పొట్లంతో వచ్చారు. "ఒక్క ముక్కేనమ్మా. చూడు, ఎలా ఏడుస్తోందో."

ఆయన మీద ఒక అరుపు అరవాలని టపాకాయకు నోటిదాకా వచ్చింది. ఆపుకుంది. లేచి ఆయన చెయ్యి పట్టుకుని, బోను దగ్గరికి తీసుకెళ్ళి, కార్డు చదివించింది. అర్థంకాని చోట మళ్ళీ చెప్పింది. తాతగారు కళ్ళజోడు సర్దుకుని, బిస్కెట్లు జేబులో పెట్టేసుకున్నారు.

"ఇది మీ పిన్ని ఆ రోజే చెప్పుంటే నేను నోరెత్తేవాణ్ణా?" అన్నారు.

"నేనూ అదే అన్నాను తాతగారూ," అంది టపాకాయ. లోపలి నుంచి పిన్ని దగ్గింది.

బూడిద మాత్రం ఎవరి మాటా వినలేదు. టపాకాయ మొహంలోకి చూసి మరీ అరిచింది. టపాకాయ బోను ముందు నేల మీద చతికిలబడింది. టిఫిన్ డబ్బా ఆ రోజు ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

"తిట్టు," అంది. "ఎంత తిడతావో తిట్టు. నేనిక్కడి నుంచి కదలను."

పదింటికి వ్యాన్ హారన్ మోగింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుంది.

"ఖాళీ కడుపేనా?"

ఈసారి పిన్ని టపాకాయ వైపు చూసింది.

"ఖాళీయే," అంది టపాకాయ. "రాత్రి గిన్నె తీసింది నేనే."