లారీకి మెరుగు

పాలు పొయ్యి మీద పెట్టి ఆమె వంటింటి కిటికీ తెరిచేసరికి, పెరట్లో అప్పటికే నీళ్ల పైపు చప్పుడు. భర్త ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, స్టూలెక్కి లారీ క్యాబిన్ పైకప్పు కడుగుతున్నాడు. కింద కూతురు బకెట్లో షాంపూ నురగ కలుపుతోంది. గుక్క తిప్పుకోకుండా కబుర్లు చెబుతుందని చిన్నప్పుడు పెట్టిన 'పిట్ట' అనే పేరు, తండ్రిని మించి ఎత్తు పెరిగినా ఆ పిల్లని వదల్లేదు.

లారీ రెండేళ్లుగా ప్రహరీ పక్కన టార్పాలిన్ కింద పడి ఉంది. ఒకప్పటి నిగనిగలాడే ఎరుపు వెలిసిపోయి ఇటుకపొడి రంగుకొచ్చింది. ఆయన కుడికంటికి పక్కచూపు పోయిందని, ఇక పెద్ద బండ్లు నడపకూడదని డాక్టరు చెప్పిన రోజు నుంచీ అది కదల్లేదు. ఆ రోజు ఆస్పత్రి వరండాలో ఆమె కళ్లు తుడుచుకుంది. అవన్నీ బాధతో వచ్చిన కన్నీళ్లు కావని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పోయిన వారం ఆయన, "బండికి మెరుగు పెట్టాలి. ఇలా ఉంటే ఎవరు మొహం చూస్తారు?" అన్నాడు. అమ్మకానికే అనుకుందామె. మళ్లీ అడగలేదు. అడిగితే ఎక్కడ మనసు మార్చుకుంటాడోనని భయం.

కాఫీ గ్లాసులు తీసుకుని పెరట్లోకి వెళ్లేసరికి కడగడం అయిపోయింది. పిట్ట కిరసనాయిలు గుడ్డతో చక్రాల పైన అంటుకున్న తారు మరకలు తీస్తోంది. ఆయన అరచేత్తో తలుపును నిమురుతూ, ఎక్కడ గరుకు తగిలితే అక్కడ రంగుకి మెరుగుపెట్టే కాంపౌండ్ రాసి గుండ్రంగా రుద్దుతున్నాడు.

"నాన్నా, కుడిపక్కంతా వదిలేశావు చూడు. తెల్లగా చారలు."

"ఉన్నాయా? నాకు బాగానే ఉన్నట్టుంది."

"నీకు అన్నీ బాగానే ఉంటాయి."

ఆమెకు లోపల కుట్టాల్సిన బట్టలు గుట్టగా పడి ఉన్నాయి. రాత్రి మిషన్ తొక్కీ తొక్కీ నడుము లాగేస్తోంది. అయినా చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, "ఆ గుడ్డ ఇలా ఇవ్వండి" అంది. ముగ్గురూ చెయ్యేస్తే పని తొందరగా తెములుతుంది. లారీ తొందరగా గుమ్మం వదులుతుంది.

రుద్దగా రుద్దగా కింద నుంచి పాత ఎరుపు తేలింది. అందులో ఆమె మొహం కనిపించింది. కళ్ల కింద ఉబ్బు, నుదుటి మీద అతుక్కున్న నెరిసిన జుట్టు.

"ఇంతకీ వాళ్లు ఎప్పుడొస్తారు?" అంది.

"ఎవరమ్మా?"

"దీన్ని కొనేవాళ్లు."

తండ్రీ కూతుళ్లిద్దరూ చేతులాపేశారు. ఆయన స్టూలు దిగి, లేని దుమ్మును టైరు మీద నుంచి దులపసాగాడు.

"అమ్మట్లేదమ్మా," అంది పిట్ట. "నేను నడుపుతాను."

ఆమె నవ్వింది. ఇద్దరి మొహాలూ చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"హెవీ లైసెన్సు వచ్చింది. గోదాములో లోడింగ్ చూసే ఉద్యోగం మానేస్తున్నాను. వాళ్ల సరుకే మన బండికి ఇస్తామన్నారు."

"మీకు తెలుసా ఇది?" ఆమె భర్త వైపు తిరిగింది.

"తెలుసు. నీకు నెమ్మదిగా చెబుదామని..."

"నెమ్మదిగానా! నాచేత పాలిష్ కూడా పట్టించాక చెబుదామనా?"

"ఆడపిల్లననేగా అమ్మా?" పిట్ట గొంతు పెరిగింది. "అబ్బాయినైతే హారతి పట్టి పంపేదానివి!"

"ఆడా లేదు, మగా లేదు. నాకు ఓపిక లేదే, అంతే!" గుడ్డ బకెట్లోకి విసిరింది ఆమె. "మీ నాన్న బండెక్కిన ప్రతిసారీ నేను ఇక్కడ ఎలా ఉన్నానో ఎవరైనా అడిగారా? ఫోన్ మోగితే గుండె దడ. మోగకపోతే ఇంకా దడ. ఇక్కడ వాన పడితే అక్కడ బ్రేకులు పడతాయో లేదోనని ఒకటే ఆలోచన. ఆయనైనా దారిలో బండి పక్కకాపి ఓ కునుకు తీసేవారేమో. నాకు అదీ లేదు. నడపొద్దని డాక్టరు అన్నప్పుడు ఈయన కన్ను పోయిందని ఏడ్చాను. ఏడుస్తూనే, హమ్మయ్య అనుకున్నాను. కట్టుకున్నవాడి కన్ను పోతే హమ్మయ్య అనుకున్నానే! ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి... ఈసారి నీ కోసమా?"

పైపులోంచి నీళ్లు వృథాగా పోతున్నాయి.

"నేను ఎప్పుడు వచ్చినా నువ్వు లేచే ఉండేదానివి," అన్నాడాయన చివరికి. "పెందలాడే లేచే అలవాటనుకున్నాను."

ఆమె ఆయన వైపు ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి పిట్ట వచ్చి మిషన్ పక్కన నేల మీద కూర్చుంది. చేతుల నిండా తారు, కిరసనాయిలు వాసన.

"నువ్వు వద్దంటే మానేస్తానమ్మా. నిజంగా."

ఆమె సూదిలో దారం ఎక్కించబోయి మానేసింది. "అసలు ఎందుకే నీకు ఈ కష్టం? ఆయన మీద జాలా?"

"జాలైతే అమ్మేసి ఆయన్ని కూర్చోబెట్టేదాన్ని. రోజంతా బండ్లకి సరుకెక్కించి పంపిస్తానమ్మా. ఒక్కో బండీ గేటు దాటుతుంటే నేను మాత్రం అక్కడే నిలబడిపోతాను. నాకు వెళ్లాలని ఉంది. అంతకంటే ఎలా చెప్పాలో తెలీదు."

తల్లి చాలాసేపు ఆ నల్లబడ్డ చేతుల్నే చూసింది. ఈ పిల్ల కోరి ఏదైనా అడగడం ఆమెకు గుర్తులేదు. పెట్టింది తిని, చెప్పిన ఉద్యోగం చేసి, ఇంటికి ఏ లోటూ రానివ్వలేదు. వద్దంటే మానేస్తుంది కూడా. అందుకే ఆమెకు భయమేసింది.

లేచి పెరట్లోకి వెళ్లింది. ఆయన ఎండలో ఒక్కడే, తలుపు మీద ఎండిపోయిన కాంపౌండ్‌ను పొడిగుడ్డతో రుద్దుతున్నాడు. రావట్లేదు. ఆమె గుడ్డ తడిపి తెచ్చి, ఆయన కంటికి ఆనని వైపు నిలబడి తుడవడం మొదలుపెట్టింది.

"వెళ్లనివ్వండి," అంది. "కానీ ఒక మాట. ఈసారి ఎదురుచూడాల్సింది మీరు. ఫోన్ మీ దగ్గరే ఉంచుకోండి. నన్ను లేపకండి. నేను నిద్రపోతాను."

"అంతేగా!" అన్నాడాయన తేలిగ్గా.

పిట్ట మొదటి ప్రయాణం ఒక్క రోజుది. తెల్లవారగానే బయలుదేరి, చీకటి పడేలోగా తిరిగి రావాలి. కొత్త మెరుగుతో లారీ వీధి మలుపు తిరిగేదాకా ఆయన గర్వంగా చూశాడు. మధ్యాహ్నం వాన మొదలయ్యింది. ఫోన్ చేశాడు. పిట్ట ఎత్తలేదు. నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని కూతురికి చెవినిల్లు కట్టుకుని చెప్పింది తనే. ఆ సంగతి తెలిసీ మళ్లీ చేశాడు. గొడుగు పట్టుకుని గేటు దాకా వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. గదిలోకి తొంగి చూస్తే భార్య గోడవైపు తిరిగి నిద్రపోతోంది. లేపబోయి, మాట గుర్తొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు.

ఆమెకు మెలకువ వచ్చేసరికి గదిలో మసక వెలుతురు. ఆయన మంచం చివర కూర్చుని ఉన్నాడు. బట్టలు సగం తడిసి ఉన్నాయి.

"వచ్చిందా?"

"ఇప్పుడే. స్నానం చేస్తోంది."

"బండి ఎలా ఉంది? అంత కష్టపడి పెట్టిన మెరుగు, వానకి బురదయ్యిందా?"

"చూడలేదు," అన్నాడాయన. "పిట్ట దిగిందా, కాళ్లూ చేతులూ బాగున్నాయా... అంతే చూశాను. ఒక్క రోజుకే నా పని అయిపోయిందే. నువ్వు ఇన్నేళ్లూ..."

అరచేతుల్లో మొహం దాచుకున్నాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం ఆమె చూడలేదు. కన్ను పోయినప్పుడు కూడా.

ఆమె దగ్గరికి జరిగి, పైటచెంగుతో ఆయన తడి తల తుడిచింది. తర్వాత తన తలగడ ఆయన వైపు జరిపింది.

"కాసేపు పడుకోండి," అంది. "దానికి భోజనం నేను పెడతాను."